బోరు నీటి పరీక్ష: ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడ్

భూగర్భ జలం ఒకప్పటి వాన నీరే. నేలలోకి ఇంకి, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, ఆ రాతిలోని లవణాలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఏ రాతిని తాకితే ఆ రాతి గుణం నీటికి వస్తుంది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం మండలాల్లోనూ, వాటిని ఆనుకొని ఉన్న ఆత్మకూరు ప్రాంతంలోనూ, కావలికీ కలిగిరికీ నడుమ ఉన్న జలదంకిలోనూ బావి నీళ్ళు తాగేవారు ముందుగా తెలుసుకోవలసింది ఫ్లోరైడ్ గురించి. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పరీక్ష ఒక్కటే దాన్ని బయటపెడుతుంది.

పంచాయతీ కుళాయిల్లో వచ్చే నీటిని పరీక్షించే బాధ్యత గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. పెరట్లోనో పొలం గట్టునో సొంత డబ్బుతో వేయించుకున్న బోరుకు అలాంటి కాపలా లేదు. అక్కడ పరీక్ష చేయించుకునే పూచీ యజమానిదే. మెట్ట ఊళ్ళలో ఇటువంటి సొంత బోర్ల నీళ్ళు ఇంట్లోవాళ్ళే కాదు, ఇరుగుపొరుగువారు, పొలం పనికి వచ్చిన కూలీలు, పశువులు కూడా తాగుతారు. అందువల్ల ఒక బోరుకు చేసిన పరీక్ష చాలామందికి ఉపయోగపడుతుంది.

నెల్లూరులో మొదలైన చరిత్ర

తాగునీటిలోని ఏదో పదార్థం పళ్ళను పాడుచేస్తున్నదని మొదట గట్టిగా అనుమానించినవాడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో వైద్యం మొదలుపెట్టిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే. ఆ ఊరి పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు చూసి ఆయన దాదాపు ముప్పై ఏళ్ళు కారణం వెతికాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్కాన్సా రాష్ట్రంలోని బాక్సైట్ పట్టణం నీటిని విశ్లేషించి, ఆ పదార్థం ఫ్లోరైడ్ అని తేల్చాడు.

ఆ తరువాత ఆరేళ్ళకే, 1937లో, ఈ వ్యాధి భారతదేశంలో ఉన్నట్టు తెలిపిన తొలి పరిశోధనా పత్రాలు వెలువడ్డాయి. అవి నెల్లూరు జిల్లా గురించినవి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెన్రీ షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఇక్కడి పల్లెల్లో కీళ్ళు బిగుసుకుపోయి, వెన్నెముక వంగిపోయిన మనుషులను పరిశీలించి, వారు తాగే బావుల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నట్టు చూపారు. అంతకుముందే రైతులు తమ ఎడ్లు కీళ్ళ నొప్పులతో నడవలేకపోవడం గమనించారని ఈ వ్యాధి చరిత్ర రాసినవారు చెబుతారు. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటే పెద్దది. 1970లో ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి ప్రాంతాలు కూడా అందులో ఉండేవి. ఉదయగిరి నుంచి ఆ వైపు వరకు ఉన్న మెట్టంతా ఇంచుమించు ఒకే రకమైన రాతి నేల.

2008–09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అప్పటికి డెబ్బై ఏళ్ళ ముందు గుర్తించిన వ్యాధి ఇంకా పోలేదన్నమాట. ఆ మధ్య కాలంలో గిలక బావుల స్థానంలో బోర్లు వచ్చాయి, బోర్ల లోతు పెరిగింది. కానీ నీరు తాకే రాయి మారలేదు.

రాతి నుంచి నీటిలోకి

పడమటి నెల్లూరు నేల కింద ఉన్నవి అతి పురాతనమైన గట్టి శిలలు. భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్టు పట్టీ అని పిలిచే ఈ శిలల్లో రెండు ముఖ్య వర్గాలకు వింజమూరు, ఉదయగిరి పేర్లే పెట్టారు. వాటి మధ్య గ్రానైట్ చొచ్చుకొచ్చింది. పడమట వెలిగొండల వరుస ఉంది. నెల్లూరు జిల్లాకు పేరు తెచ్చిన అభ్రకం కూడా ఈ పాత శిలల సంపదే.

ఫ్లోరిన్ దాగి ఉండేది ఇటువంటి శిలల్లోనే. అభ్రకంలో, ముఖ్యంగా నల్ల అభ్రకంలో, హార్న్‌బ్లెండ్‌లో, అపటైట్‌లో హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట కొంతమేర ఫ్లోరైడ్ కూర్చుంటుంది. ఈ రెండూ పరిమాణంలోనూ విద్యుదావేశంలోనూ దగ్గరగా ఉండటమే అందుకు కారణం. నీటిలో క్షారగుణం పెరిగినప్పుడు ఈ మార్పిడి తలకిందులవుతుంది. నీటిలోని హైడ్రాక్సిల్ రాతిలోకి పోతుంది, రాతిలోని ఫ్లోరైడ్ నీటిలోకి వస్తుంది. గ్రానైట్లలో అక్కడక్కడా ఉండే ఫ్లోరైట్ అనే ఖనిజమైతే క్యాల్షియం, ఫ్లోరైడ్‌లతోనే తయారైనది.

ఇక్కడ క్యాల్షియం పాత్ర తెలిస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. నీటిలో క్యాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి ఫ్లోరైట్‌గా విడిపోతుంది. అందువల్ల నీటిలో ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి నిలవలేదు. క్యాల్షియం తగ్గితే ఆ హద్దు పైకి జరుగుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన మెట్టలో నీరు ఆవిరవుతూ ఉంటే క్యాల్షియం సున్నపు గడ్డలుగా నేలలోనే దిగిపోతుంది. మిగిలిన నీటిలో సోడియం, బైకార్బొనేట్ పాళ్ళు పెరుగుతాయి. అలాంటి నీరు ఫ్లోరైడ్‌ను బాగా కరిగించుకుంటుంది.

దీన్నిబట్టి రుచి ఎంత మోసం చేయగలదో తెలుస్తుంది. పప్పు ఉడకని, సబ్బు నురగ రాని నీళ్ళను అందరూ చెడ్డనీళ్ళంటారు. ఆ గడుసుదనానికి కారణం క్యాల్షియం, మెగ్నీషియం. నాలుకకు మెత్తగా, తియ్యగా తగిలే నీళ్ళను మంచినీళ్ళంటారు. కానీ అటువంటి మెత్తని నీటిలోనే ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండే అవకాశం ఎక్కువ. ఉప్పగా ఉండి ఫ్లోరైడ్ కూడా ఉన్న బోర్లూ లేకపోలేదు. రుచిని బట్టి ఫ్లోరైడ్ సంగతి చెప్పలేం.

పక్క బోరు ఫలితం కూడా నమ్మదగినది కాదు. గట్టి రాతిలో నీరు ఇసుక నేలలోలాగా సమంగా పరుచుకొని ఉండదు, పగుళ్ళలో మాత్రమే ఉంటుంది. వంద అడుగుల దూరంలోని రెండు బోర్లు రెండు వేరు పగుళ్ళ నుంచి నీరు తోడవచ్చు. లోతుకు వెళ్ళినకొద్దీ నీరు రాతిని తాకి ఉన్న కాలం పెరుగుతుంది కాబట్టి ఫ్లోరైడ్ పెరగడం తరచుగా కనబడుతుంది. అయినా ఇది కచ్చితమైన సూత్రం కాదు. ఏ బోరుకు ఆ బోరు విడిగా పరీక్షించవలసిందే.

ఎంత ఉంటే ప్రమాదం

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. అయితే ఆ సంస్థ, స్థానిక వాతావరణాన్నీ జనం తాగే నీటి పరిమాణాన్నీ చూసి ప్రతి దేశం తన హద్దు తాను నిర్ణయించుకోవాలని చెబుతుంది. ఈ మెట్టకు ఆ మాట బాగా వర్తిస్తుంది.

మే నెల ఎండలో పొలం పని చేసే మనిషి రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు తాగడం మామూలే. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగితే నీటి ద్వారానే 10 మిల్లీగ్రాములు ఒంట్లో చేరతాయి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకున్న నీటిలోనిదీ, టీలోనిదీ దీనికి అదనం. అన్ని మార్గాల్లో కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరిగే సూచనలున్నాయనీ, 14 మిల్లీగ్రాముల దగ్గర ఆ ముప్పు స్పష్టమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో తేల్చింది. నీడపట్టున ఉండి రెండు లీటర్లు తాగే మనిషికి పెద్దగా చేటు చేయని నీరు కూలీకి చేటు చేయగలదు.

పిల్లల విషయం వేరు. శాశ్వత దంతాల పింగాణీ పొర చిగురు కింద తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగా గట్టిపడదు. పళ్ళ మీద తెల్లని సుద్ద మచ్చలు, పసుపు, గోధుమ చారలు ఏర్పడతాయి. ఇవి సాధారణంగా కుడి ఎడమల జంట పళ్ళ మీద అడ్డంగా కనిపిస్తాయి, ఎంత తోమినా పోవు. గారపళ్ళని జనం పిలిచే వాటిలో కొన్ని ఇవే. ఆ చారలు కనబడేసరికి బిడ్డ ఆ నీళ్ళు తాగి కొన్నేళ్ళవుతుంది. అందుకే పళ్ళ మీద చారలు వచ్చేదాకా ఆగకుండా ముందే పరీక్ష చేయించాలి.

లీటరుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు ఏళ్ళ తరబడి తాగితే ఎముకల ఫ్లోరోసిస్ రావచ్చు. మెడ, నడుము, మోకాళ్ళ నొప్పులతో మొదలై, కీళ్ళు బిగుసుకుపోతాయి. 10 మిల్లీగ్రాములు దాటిన చోట మనిషి వంగిపోయి మంచాన పడేదాకా వస్తుంది. ముదిరిన తరువాత నయం చేసే మందు లేదు. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ వంటి ఆహారంతో క్యాల్షియం, విటమిన్ సి అందితే నష్టం కొంత తగ్గుతుంది. అసలైన నివారణ నీరు మార్చడమే.

ఏమేం పరీక్షించాలి

ఈ ప్రాంతపు బోరుకు తప్పనిసరి పరీక్ష ఫ్లోరైడ్. దానితోపాటు ఉదజని సూచిక (పి.హెచ్.), క్షారత్వం, మొత్తం కరిగిన లవణాలు, గడుసుదనం, క్లోరైడ్, ఇనుము చూడాలి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. గడుసుదనానికి ఆ హద్దులు 200, 600. క్షారత్వానికీ అవే హద్దులు. గ్రానైట్ నేలల్లో యురేనియం కూడా నీటిలోకి రావచ్చు. దానికి హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మామూలు నీటి పరీక్ష కిట్‌తో దాన్ని కొలవలేరు, పెద్ద ప్రయోగశాలలో చేయించాలి.

మరో రెండు పరీక్షలు రాతికి సంబంధించినవి కాకపోయినా వదలకూడదు. నైట్రేట్ ఎరువుల నుంచి, పశువుల పేడ దిబ్బల నుంచి, మరుగుదొడ్ల గుంతల నుంచి దిగుతుంది. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. సీసాతో పాలు తాగే పసిబిడ్డలకు ఆ హద్దు దాటిన నీళ్ళతో పాలు కలిపితే ప్రాణాపాయం కూడా రావచ్చు. రెండోది సూక్ష్మజీవుల పరీక్ష. 100 మిల్లీలీటర్ల నీటిలో కోలిఫామ్ బాక్టీరియా ఒక్కటీ కనబడకూడదు.

నీళ్ళు పట్టే పద్ధతి

ఫలితం ఎంత నమ్మదగినదన్నది సీసాలో నీళ్ళు పట్టిన తీరు మీదే ఆధారపడి ఉంటుంది. పైపులో రాత్రంతా నిలిచిన నీరు పరీక్షకు పనికిరాదు. మోటారు వేసి ఐదు, పది నిమిషాలు నీరు పోనిచ్చి, భూమి నుంచి తాజాగా వచ్చే నీటిని పట్టాలి. మిద్దె మీది ట్యాంకులోది కాకుండా బోరు నోటి దగ్గరి నీరే కావాలి. బావి అయితే ఒడ్డున ఉన్న నీరు వదిలి, బక్కెట నడిమికి దించి తోడాలి.

రసాయన పరీక్షకు ఒక లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వాడరు, గాజుతో అది చర్య జరపవచ్చు. సీసాను సబ్బుతో కడగకుండా, పరీక్షించబోయే నీటితోనే మూడుసార్లు తొలిచి, మూతి దాకా నింపి మూత బిగించాలి. సీసా మీద ఊరు, బోరు ఉన్న చోటు, లోతు, వేసిన సంవత్సరం, నీరు పట్టిన తేదీ రాయాలి. లోతు, తేదీ లేని ఫలితాన్ని మరుసటి ఏటి ఫలితంతో పోల్చడానికి వీలుండదు.

సూక్ష్మజీవుల పరీక్షకు పద్ధతి వేరు. ప్రయోగశాల ఇచ్చిన శుద్ధి చేసిన సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు, మూత లోపలి వైపు వేలు తగలనీయకూడదు. పైన కొంచెం ఖాళీ వదిలి, మంచు పెట్టెలో ఉంచి, ఆ రోజే చేర్చాలి. ఫ్లోరైడ్ నమూనా మాత్రం కొన్ని వారాలు ఉన్నా చెడదు.

పరీక్ష జరిగే తీరు

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ వాడటంలో శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు. ఆ కిట్‌లో ఫ్లోరైడ్ పరీక్షకు జిర్కోనియం కలిపిన రంగు ద్రావణం ఉంటుంది. ఫ్లోరైడ్‌కు జిర్కోనియం మీద మక్కువ ఎక్కువ. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియాన్ని రంగు నుంచి లాగేసుకుంటుంది, ద్రావణం గులాబీ నుంచి పసుపు వైపు మారుతుంది. ఆ రంగును కార్డు మీది రంగులతో పోల్చి అంకె చదువుతారు. రంగును నీడలో, తెల్ల కాగితం ముందు పెట్టి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. బ్లీచింగ్ కలిపిన నీటిలోని క్లోరిన్ ఆ రంగును తానే చెరుపుతుంది, కాబట్టి బ్లీచింగ్ వేయకముందు పట్టిన నీటినే వాడాలి. సూక్ష్మజీవులకు చిన్న సీసా పరీక్ష ఉంది. నీరు పోసి వెచ్చగా ఉంచితే, మల సంబంధమైన బాక్టీరియా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది.

కిట్ ఇచ్చేది అంచనా. అంకె 1 దగ్గరకు వచ్చినా, దాటినా ప్రయోగశాలకు పంపాలి. అక్కడ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడతారు. 1966లో ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రజ్ఞులు రూపొందించిన ఈ పరికరం కొన మీద లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. దాని గుండా ఫ్లోరైడ్ అయాన్లు మాత్రమే కదలగలవు. నీటిలో అవి ఎన్ని ఉంటే దాన్ని బట్టి విద్యుత్ పీడనం మారుతుంది. అల్యూమినియం, ఇనుము పట్టి ఉంచిన ఫ్లోరైడ్‌ను కూడా విడిపించి లెక్కలోకి తేవడానికి ముందుగా ఒక ద్రావణం కలుపుతారు. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలు సొంత బోర్ల నమూనాలను కూడా నామమాత్రపు రుసుముకు పరీక్షించాలన్నది జల జీవన్ మిషన్ నిబంధన. సీసా ఎక్కడ ఇవ్వాలో గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ సహాయకుణ్ణి అడిగితే తెలుస్తుంది.

ఎన్నిసార్లు

కొత్త బోరు నీళ్ళు తాగడం మొదలుపెట్టకముందే ఒకసారి పరీక్ష చేయించాలి. మొదటి ఏడాది రెండుసార్లు చూడటం మంచిది. నెల్లూరు జిల్లాకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది. కాబట్టి జనవరిలో నీటిమట్టం పైన ఉన్నప్పుడు ఒకసారి, రోహిణి కార్తెలో మట్టం అడుగంటినప్పుడు ఒకసారి. ఈ రెండు అంకెల మధ్య తేడా ఆ బోరు స్వభావాన్ని చెబుతుంది. ఆ తరువాత రసాయన పరీక్ష ఏడాదికి ఒకసారి, సూక్ష్మజీవుల పరీక్ష రెండుసార్లు సరిపోతుంది. బోరు లోతు పెంచినా, మోటారు కిందికి దించినా, కరువు ఏడాది వచ్చినా మళ్ళీ చూడాలి.

హద్దు దాటితే

కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. కుండ, గుడ్డ వడపోత, క్యాండిల్ ఫిల్టరు, అతినీలలోహిత దీపం దాన్ని తీయలేవు.

తీసే పద్ధతుల్లో ఒకటి తెలుగు జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి సున్నం, పటిక కలిపి కలియబెట్టి, తేరనిస్తారు. పటికలోని అల్యూమినియం ఏర్పరచే తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతుంది. పటిక ఎంత వేయాలో నీటి క్షారత్వాన్ని బట్టి, ఫ్లోరైడ్‌ను బట్టి లెక్కిస్తారు. పరీక్ష పత్రంలో ఆ రెండు అంకెలూ ఉండాలనడానికి ఇదొక కారణం. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ మిగలడమో, అల్యూమినియం ఎక్కువవడమో జరుగుతుంది. ఉత్తేజిత అల్యూమినా ఫిల్టరులో గింజల ఉపరితలం ఫ్లోరైడ్‌ను అంటించుకుంటుంది. అది నిండిపోయాక గింజలను రసాయనాలతో శుద్ధి చేయాలి, లేకపోతే నీరు వచ్చినట్టే వస్తుంది కానీ ఫ్లోరైడ్ పోదు. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌లో చాలా భాగం తీస్తుంది. పొర అరిగితే దాని పనీ తగ్గుతుంది. అది వదిలే వృథా నీటిలో ఫ్లోరైడ్ చిక్కబడి ఉంటుంది కాబట్టి దాన్ని తాగునీటి బావి పక్కన ఇంకనీయకూడదు. ఏ పద్ధతి వాడినా ఫిల్టరులోంచి వచ్చిన నీటిని కూడా బోరు నీటిలాగే పరీక్షించాలి. క్యానుల్లో కొని తెచ్చుకునే నీటికీ ఇదే వర్తిస్తుంది.

శాశ్వతమైన దారి రాతిని ఎక్కువకాలం తాకని నీరు. వాన నీటిని మిద్దె మీద నుంచి శుభ్రమైన తొట్టిలో పట్టి ఉంచుకుంటే అందులో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. పెన్నా మీద 78 టి.ఎం.సి. సామర్థ్యంతో కట్టిన సోమశిల జలాశయం ఆత్మకూరు ప్రాంతంలోనే ఉంది. నది నీటిని శుద్ధి చేసి పైపుల ద్వారా ఇచ్చే పథకం ఊరికి చేరి ఉంటే తాగడానికీ వంటకీ ఆ కుళాయి నీటినే వాడుకోవడం మేలు. నిర్మాణంలో ఉన్న వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యాల్లో కూడా ఇటువంటి ఫ్లోరైడ్ ప్రాంతాలకు కృష్ణా నీరు అందించడం ఉంది.

ఫ్లోరైడ్ ఎక్కువైన బోరును పూడ్చవలసిన పని లేదు. అది చర్మం గుండా ఒంట్లోకి చేరదు కాబట్టి స్నానానికి, బట్టలకు, పైరుకు ఆ నీరు పనికొస్తుంది. తాగడానికీ వంటకూ పనికిరాదు. వీలున్నంతవరకు పశువుల తొట్లలోనూ పోయకూడదు. ఊళ్ళోని బోర్లన్నిటి ఫలితాలు ఒక పుస్తకంలో రాసి, 1 మిల్లీగ్రాములోపు ఉన్నవాటిని తాగునీటికీ, మిగిలినవాటిని ఇతర వాడకాలకూ కేటాయించి, ఆ సంగతి ప్రతి బోరు దగ్గరా రంగుతో రాసిపెడితే, పొలం పనికి కొత్తగా వచ్చిన కూలీకి కూడా ఏ నీరు తాగాలో తెలుస్తుంది.